మామ్మగారు ఇచ్చిన పేర్లు

ఆవిడ పోయిందన్న కబురు చూసినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఆ మాట దాచేసి మిగతాదంతా ఎంత బాగా రాసినా అబద్ధమే అవుతుంది. స్కూల్లో మూడో పీరియడ్ అయ్యాక ఫోన్ తీశాను. మా సంఘం వాట్సాప్ గ్రూపులో పాస్టరు గారి మెసేజ్, దాని కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. ఇంక ఆవిడ గోడ అవతలి నుంచి నన్ను చూడదు, నేను కళ్ళు తిప్పుకోనక్కర్లేదు అనుకున్నాను. నాలుగో పీరియడ్‌లో తొమ్మిదో తరగతికి పాఠం చెబుతూ చెబుతూ ఆగిపోయాను. ఏం చెబుతున్నానో గుర్తు రాలేదు. పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

నరసాపురానికి దగ్గరలో కాలవ గట్టున ఉన్న ఊరు మాది. మా ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. నాకు మాటలు వచ్చినప్పటి నుంచి ఆవిడని మామ్మగారూ అనే పిలిచాను. పేరుతో పని పడలేదు, ఇక్కడా పడదు. ఆవిడది లేసు పని, అందులోనూ అతుకు పని. ఊళ్ళో ఆడవాళ్ళు ఎవరింట్లో వాళ్ళు విడివిడిగా అల్లిన పువ్వులు తీసుకుని, ఒకదానితో ఒకటి కలిపి, బల్ల మీద పరిచే పెద్ద గుడ్డగా చెయ్యాలి. చాప వేసుకుని, అన్నీ ముందు పరుచుకుని, కుదురుగా కూర్చుని చెయ్యాల్సిన పని అది. మామ్మగారికి చేతకానిది ఆ కూర్చోవడమే. నాలుగు పువ్వులు కలిపేసరికి లేచేది. చేస్తున్న ముక్క భుజాన వేసుకుని, దారపు ఉండ నడుముకి కట్టుకున్న సంచిలో పడేసి, సూది ఆడిస్తూనే వీధిలోకి నడిచేది. ఆ చివర దాకా వెళ్ళి, ఎవరి ఇంటి ముందో రెండు నిమిషాలు నిలబడి, మళ్ళీ వచ్చేది. కాలుగాలిన పిల్లి అని మా అమ్మ నవ్వేది. ఒక్కోసారి ఉండ సంచిలోంచి జారి దారం మట్టిలో ఈడ్చుకుంటూ పోతుంటే, దాన్ని చుట్టుకుంటూ నేను వెనకాల పరిగెత్తేదాన్ని.

భక్తిగల పెద్దావిడ అనగానే మీకు ఒక బొమ్మ కనపడి ఉంటుంది. తెల్లచీర, ప్రశాంతమైన మొహం, దేనికీ చలించని చూపు. దయచేసి ఆ బొమ్మ తీసెయ్యండి. నేను చూసిన మనుషులందరిలోకీ పిరికిది మామ్మగారు. కుక్క అంటే భయం. ఉరుమంటే భయం. ఖాకీ చొక్కా అంటే భయం. రేషను షాపులో వేలిముద్ర వెయ్యమని ముందుకు తోసే ఆ చిన్న యంత్రమన్నా భయమే. దాని మీద వేలు పెట్టేముందు చీర కొంగుకి నాలుగుసార్లు తుడుచుకునేది.

ఆవిడ చెల్లెలు గోదావరి అవతల ఉండేది. నరసాపురం రేవులో పంటు ఎక్కి దాటాలి. తోడుకి నన్ను తీసుకెళ్ళేది. పంటు కదలగానే నా మణికట్టు పట్టుకునేది, గాజులు చర్మంలోకి దిగేలా. ఆటోలు, మోటారు సైకిళ్ళు, మేకలు, మనుషులు అందరూ తాపీగా నిలబడి ఉంటే ఈవిడ ఒక్కతే గడగడలాడుతూ ఉండేది. నాకు తల కొట్టేసినట్టుండేది.

"అంత భయమైతే ఎందుకండీ ఎక్కడం?" అని ఒకసారి విసుక్కున్నాను.

"దాటాలి కదే."

"మరి దేవుణ్ణి నమ్మానంటారుగా?"

"నమ్మానమ్మా," అంది కళ్ళు నీళ్ళ మీంచి తిప్పకుండా. "కాళ్ళకే ఇంకా కబురు అందలేదు."

ఇంకోసారి, నేను కాస్త పెద్దదాన్ని అయ్యాక, అదే విషయం ఎత్తితే వేరే జవాబు చెప్పింది. "భయమే లేకపోతే ఇంక ఆయనతో నాకు పనేముందమ్మా?" అప్పట్లో ఇది తప్పించుకునే మాట అనుకున్నాను. ఇప్పుడు ఏమనుకుంటున్నానో నాకే సరిగ్గా తెలియదు.

ప్రార్థన కూడా అందరిలా చేసేది కాదు. గృహ కూడికల్లో పెద్దలు కళ్ళు మూసుకుని, గొంతు పెంచి, చాలాసేపు చేసేవారు. చిన్నప్పుడు అలాంటి ఒక ప్రార్థన మధ్యలో నాకు తోచక కళ్ళు తెరిస్తే, ఎదురుగా ఇంకో రెండు కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. మామ్మగారివి. తప్పు చేస్తూ దొరికిపోయినట్టు ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నాం. తర్వాత అడిగితే, "కళ్ళు మూసుకుంటే భయమెక్కువవుతుంది, తెరుచుకునే మాట్లాడతాను" అంది. ఆవిడ ప్రార్థన నడుస్తూ చేసేది. గోడ అవతల వినపడేది నాకు: "చూశావా, మళ్ళీ వచ్చాడు. నేనేం చెయ్యను? నువ్వు చూసుకో." పక్కింటావిడకి ఫిర్యాదు చేస్తున్నట్టు ఉండేది.

మా గుడిలో ఒక అలవాటుంది. ఆరాధనకి ముందు గుమ్మం పక్క బల్ల మీద ఒక పెట్టె పెడతారు. ప్రార్థన చేయించుకోవాలనుకున్న వాళ్ళు చీటీ రాసి అందులో వేస్తారు. జబ్బుపడ్డవాళ్ళు, పరీక్షలు రాసేవాళ్ళు, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళు. వాక్యం చెప్పడం అయ్యాక పాస్టరు గారు అవన్నీ చదివి, పేరుపేరునా ప్రార్థన చేస్తారు. మామ్మగారు ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం చీటీ వేసింది. పాత క్యాలెండరు కాగితం వెనక, పెద్ద పెద్ద అక్షరాల్లో, ఒక్క పేరు. ఎందుకో రాయదు. జబ్బని రాయదు, పరీక్షని రాయదు. ఎవరి పేర్లండీ అని అడిగితే చాలాకాలం చెప్పలేదు. చివరికి ఒకరోజు చెప్పింది.

"ఎవరు గుర్తొస్తే కడుపులో గాభరా పుడుతుందో వాళ్ళవి."

అల్లిక బాగాలేదని ముక్కలు మొహాన కొట్టే లేసు ఏజెంటు పేరు కొన్నేళ్ళు ఇచ్చింది. ఆవిడని ఇంట్లోంచి పంపేస్తానన్న బావగారి పేరు ఆయన పోయేదాకా ఇచ్చింది. సూదిమందు గట్టిగా గుచ్చే నర్సు పేరు కూడా ఓ రెండు నెలలు ఇచ్చిందట. పాత పాస్టరు గారికి ఈ సంగతి తెలుసు. ఆవిడ చీటీ చేతికి రాగానే పైకి చదవకుండా జేబులో పెట్టుకుని, ఒక్కరే ప్రార్థన చేసుకునేవారు.

ఇప్పుడు అసలు సంగతికి రావాలి. ఇంతసేపూ నవ్వించే మాటలు చెబుతూ దాని చుట్టూ తిరుగుతున్నానని నాకూ తెలుసు.

మా సంఘానికి ఊరి చివర సమాధుల తోట ఉంది. దాని తూర్పు మూల సర్వే రాయి ఉండేది, మోకాలెత్తున. ఆ రాయికి రెండు బారల దూరంలో మామ్మగారి మొదటి బిడ్డ సమాధి. ఆరు నెలల పిల్ల. నాలుగు ఇటుకలు పేర్చి, మీద సున్నం. అంతే. ఏటా సమాధుల పండుగకి అందరూ వచ్చి తమవాళ్ళ సమాధులకి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించేవారు. మామ్మగారు సున్నం బాల్చీ ఒక చేత్తో, నన్ను ఒక చేత్తో పట్టుకుని వెళ్ళేది. ఇటుకలకి ఆవిడ వేసేది, రాయికి నేను వేసేదాన్ని. "దానికెందుకు?" అంటే, "అది దీనికి కాపలా కదా, పండుగపూట దాన్నెలా వదిలేస్తాం" అనేది.

తోటకి తూర్పున పొలాలు రొయ్యల చెరువులయ్యాయి. ఆ చెరువులు మా స్కూలు కరస్పాండెంటు గారివి. (చూడండి, ఇక్కడ కూడా గారు అనకుండా రాయలేకపోయాను.) ఆయన మా సంఘంలో పుట్టినవాడే. తండ్రి సమాధి అదే తోటలో ఉంది. క్రిస్మస్‌కి తప్ప గుడికి రాడు. ఒక వేసవిలో చెరువు గట్టు వెడల్పు చేస్తూ పొక్లెయినుతో మా మూలలోకి జరిగిపోయాడు. రాయి కనపడలేదు. ఇటుకలు కనపడలేదు. వాటి మీద గట్టు, గట్టు మీద వలకట్టిన గుంజలు, అవతల నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్న ఏరేటర్లు. సంఘం పెద్దలు అర్జీ పెట్టారు. సర్వేయరు వస్తారన్నారు. గట్టు తవ్వి చూడాలంటే రాయి ఎక్కడుండేదో చెప్పగలిగిన మనుషులు కావాలి. ఖచ్చితంగా తెలిసినవాళ్ళం ఇద్దరమే, ఆవిడా నేనూ.

"నువ్వొస్తావుగా?" అంది మామ్మగారు గోడ మీద చేతులు పెట్టి.

"వస్తానండీ. రాకుండా ఎలా ఉంటాను?"

నిజంగానే అన్నాను. అన్నప్పుడు అంతా నిజమే.

అప్పుడే పాత పాస్టరు గారు బదిలీ అయి వెళ్ళారు. కుర్రాయన ఒకాయన వచ్చారు. మొదటి ఆదివారం పెట్టె తెరిచి చీటీలు చదువుతుంటే మామ్మగారి చీటీ వచ్చింది. అందులో కరస్పాండెంటు గారి పేరు, ఇంటిపేరుతో సహా. ఇంకేమీ లేదు. ఆయన కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, జబ్బుపడ్డవాళ్ళ చీటీల్లో కలిపేశారు. మైకులో చెప్పారు: "తీవ్రమైన అనారోగ్యంతో ఉన్న మన సహోదరుడు." పేరు వినగానే గుడంతా ఉలిక్కిపడింది. తీవ్రమైన అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి. అందరం మోకరించి ఆయన స్వస్థత కోసం గట్టిగా ప్రార్థించాం.

మధ్యాహ్నం భోజనాలు కాగానే స్త్రీల సమాజం బయలుదేరింది. బ్రెడ్డు పొట్లాలు, బత్తాయిలు, కొబ్బరి బోండాలు. అందరికంటే ముందు నేను. ఆయన స్కూల్లో పనిచేసేదాన్ని, ఇంట్లో జీతం తెచ్చేదాన్ని నేనొక్కదాన్నే, ఆయన మంచం పట్టారంటే ముందు కనపడాల్సింది నేనే కదా. తీరా వెళితే ఆయన చెరువు గట్టు మీద లుంగీ ఎగ్గట్టుకుని, మేత బస్తాలు దింపిస్తూ కూలీలని తిడుతున్నారు. మమ్మల్ని చూసి నోరు తెరిచారు. మాలో పెద్దావిడ ఒకరు "అయ్యో బాబూ, ఇలాంటప్పుడు కూడా పనేనా" అని ఏకంగా ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టారు. అది పది నిమిషాలు సాగింది. మేత బస్తా భుజాన ఉన్న కూలీ అలాగే నిలబడిపోయాడు. నేను బత్తాయిల సంచి పట్టుకుని ఎక్కడ చూడాలో తెలియక రొయ్యల వైపు చూశాను.

ఆ రోజూ మర్నాడూ మనుషులు వస్తూనే ఉన్నారు. పక్క ఊరి చుట్టాలు కూడా వచ్చారు. ఒకాయన డాక్టరు పేరు చెప్పి వెళ్ళాడట. మంగళవారానికి కరస్పాండెంటు గారికి నిజంగానే బీపీ పెరిగింది. పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి నిలదీస్తే, పాపం ఆయన ఏ కపటం లేకుండా చీటీ తీసి చూపించారు. ఆ పెద్ద పెద్ద అక్షరాలు ఊళ్ళో ఎవరివో తెలియనివారు లేరు.

బుధవారం పొద్దున్న నేను స్కూలుకి వెళ్దామని గుమ్మంలోకి వచ్చేసరికి బండి చప్పుడైంది. కరస్పాండెంటు గారు దిగి నేరుగా మామ్మగారి వాకిట్లోకి వెళ్ళారు. ఆవిడ అప్పుడే లేసు ముక్క భుజాన వేసుకుని నడకకి బయలుదేరుతోంది. ఆయన్ని చూడగానే సూది చేతిలోంచి జారిపోయింది.

"ఏంటి మామ్మా ఇది?" చీటీ ఆవిడ మొహం ముందు పెట్టారు. "నేను చావాలని గుడిలో ప్రార్థన చేయిస్తున్నావా?"

"లేదు బాబూ."

"మరి? నా మీద ప్రేమ పుట్టుకొచ్చి చేయిస్తున్నావా?"

"లేదు బాబూ. ప్రేమేం లేదు, అబద్ధమెందుకు." ఆవిడ గోడ పట్టుకుంది. గోడకి ఇవతల నేనున్నాను. "నిన్ను తలుచుకుంటే నాకు భయమేస్తోంది. అన్నం ముందు కూర్చుంటే నువ్వే, గిన్నె తోముతుంటే నువ్వే. నా బుర్రలో దేవుడికి చోటు లేకుండా నువ్వే కూర్చున్నావు. అందుకని నిన్ను తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన నిన్ను ఏం చేసుకుంటాడో ఆయనిష్టం."

కరస్పాండెంటు గారు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయనకి ఇలాంటి జవాబు ఎప్పుడూ ఎదురై ఉండదు. తిట్టు అయితే తిట్టుతో కొట్టగలరు, ఏడుపు అయితే కసరగలరు. ఆ తర్వాత గొంతు తగ్గించారు. ఆయన గొంతు తగ్గించినప్పుడే నాకు ఎక్కువ భయం.

"రేపు సర్వే అంట. ఎండలు బాగా ఉన్నాయి మామ్మా. పెద్దదానివి, గడప దాటకు. పడతావు."

వెనక్కి తిరుగుతూ, నన్ను చూసి నవ్వారు.

"టీచర్ గారూ, రేపు మన స్కూల్లో మీకు ఎక్స్‌ట్రా క్లాసులు వేశాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా. చూసుకోండి."

"అలాగేనండీ" అన్నాను. అంత తొందరగా ఎలా అన్నానో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బండి వెళ్ళాక మామ్మగారు సూది కోసం నేల మీద వెతుక్కుంది. దొరికాక నా వైపు చూసి, "రేపు తొమ్మిదింటికి" అంది. నేను తలూపాను. ఏ అర్థంతో ఊపానో ఇద్దరిలో ఎవరం అడగలేదు.

గురువారం నేను స్కూల్లో ఉన్నాను. ఎక్స్‌ట్రా క్లాసులేమీ లేవు. స్టాఫ్ రూములో కూర్చుని యూనిట్ టెస్టు పేపర్లు దిద్దాను. దిద్దినవే మళ్ళీ దిద్దాను. ఫోన్ స్విచ్ ఆఫ్ చేసి హ్యాండ్‌బ్యాగులో అడుగున పెట్టాను. జరిగింది నాకు తర్వాత పాస్టరు గారు చెప్పారు.

ఆవిడ కాలవ గట్టు వెంబడి ఒక్కతే నడిచి వెళ్ళింది. సర్వేయరు, సంఘం పెద్దలు, కరస్పాండెంటు గారు, ఆయన మనుషులు అప్పటికే ఉన్నారు. గట్టు ఎక్కడానికి పాస్టరు గారు చెయ్యి అందించాల్సి వచ్చింది. పైకెక్కాక వలగుంజ పట్టుకుని నిలబడింది. ఆవిడ వణుకుకి గుంజ కదిలి వలంతా ఊగిందట. కుడిచేత్తో కిందకి చూపించి, "ఇక్కడ" అంది.

"నిలబడటానికే ఊగిపోతోంది," అని కరస్పాండెంటు గారు నవ్వారు. "ఈవిడకి రాయి ఎక్కడుండేదో గుర్తుందంటే నమ్ముతారా సార్?"

"ఊగేవి కాళ్ళండీ," అంది మామ్మగారు సర్వేయరుతో. "వేలు చూడండి."

వేలు కదలలేదు, అని పాస్టరు గారు చెప్పారు. అందరం చూశాం, వేలు కదలలేదు.

సర్వేయరు మంచివాడే. కానీ రొయ్యలున్న చెరువు గట్టుని ఒక్క పెద్దావిడ మాట మీద తవ్వించలేనన్నాడు. తెలిసినవాళ్ళు ఇంకొకరుంటే చెప్పండి, ఇప్పుడే తవ్విస్తాను అన్నాడు. మామ్మగారు వెంటనే, "ఉందండీ. వస్తుంది" అంది. తొమ్మిదిన్నర అయింది. పది అయింది. ఎవరో గొడుగు ఇస్తే వద్దంది. కూర్చోమంటే కూర్చోలేదు. అలాగే గుంజ పట్టుకుని ఊరి వైపు దారి చూస్తూ నిలబడింది. పన్నెండింటికి సర్వేయరు కాగితాలు సర్దుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఆవిడే గోడ దగ్గరికి వచ్చింది. నేను ముందే సాకులు సిద్ధం చేసి పెట్టుకున్నాను. స్కూలు, ఉద్యోగం, ఇల్లు. అన్నీ వరసగా చెప్పాను. అవన్నీ నిజాలే కావడం వల్ల చెబుతుంటే ఇంకా అసహ్యంగా ఉంది.

"దారి పొడుగునా నిన్ను తిట్టుకుంటూ వచ్చానమ్మా," అంది నేను ఆగాక. "ఇంటికొచ్చాక కూడా తిట్టాను. ఆ చెరువుల అబ్బాయి మీద కూడా నాకు అంత కోపం రాలేదు. వాడు చేస్తాడని తెలుసు. నీ గురించి అనుకోలేదు. ఇప్పుడు గోడ దగ్గరికి రావాలంటే కడుపులో గాభరాగా ఉంది. ఇంక నావల్ల కాదు. ఈ ఆదివారం నీ పేరు ఇచ్చేస్తాను."

నేను గోడ ఇవతల నిలబడి ఉన్నాను. లేసు ఏజెంటు, బావగారు, సూదిమందు నర్సు, కరస్పాండెంటు గారు, ఆ తర్వాత నేను. ఎనిమిదేళ్ళ వయసులో దారపు ఉండ చుట్టుకుంటూ ఆవిడ వెనకాల పరిగెత్తిన నేను. ఆవిడ కోపంగా అనలేదు, దెప్పిపొడవలేదు. బరువు మోయలేక దింపుతున్న మనిషి చెప్పినట్టు చెప్పింది. నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత పాస్టరు గారు చీటీలు పైకి చదవడం మానేశారు. ప్రతి ఆదివారం ఆయన పెట్టెలోంచి కాగితాలు తీసి తిరగేస్తుంటే నేను ఆయన చేతుల వైపే చూసేదాన్ని. క్యాలెండరు కాగితం కనపడితే అందులో ఉన్నది నా పేరో, కరస్పాండెంటు గారిదో తెలిసేది కాదు. మామ్మగారు మళ్ళీ మాట్లాడింది, కూర అయితే గిన్నెలో పెట్టి గోడ మీదుగా అందించింది. నేనే కళ్ళు తిప్పుకునేదాన్ని. రెండు నెలలు అలా గడిచాయి. ఒకరోజు సూది చేతిలో ఉండగానే, నిలబడి ఉన్నచోటే ఒరిగిపోయింది.

భూస్థాపనకి మండపేట నుంచి ఆవిడ రెండో కూతురు వచ్చింది. సమాధుల తోట గేటు దాటాక శవపెట్టె మోస్తున్నవాళ్ళు ఆగారు. ఆ అమ్మాయి పాస్టరు గారిని అడిగింది: "అమ్మ అక్క పక్కన పెట్టమందండీ. ఎక్కడండీ అక్క సమాధి?" పాస్టరు గారు తూర్పు వైపు చూశారు. అక్కడ గట్టు, వల. కొందరు నన్ను చూశారు. నేను నేల చూశాను. చివరికి గేటు పక్కనే, కొళాయి దగ్గర చోటు చూసి పెట్టారు. మట్టి వేస్తుంటే ఏరేటర్ల చప్పుడు వినపడుతూనే ఉంది. అక్కడ ఏడుపొచ్చింది నాకు. స్కూల్లో రాని ఏడుపు అక్కడ ఆగకుండా వచ్చింది. పక్కావిడ నా వీపు నిమిరి, ఇరుగుపొరుగు కదా పాపం అంది.

కొన్నాళ్ళకి గుడి గుమ్మానికి నోటీసు అంటించారు. మా అర్జీ మీద తహసీల్దారు గారి విచారణ, మండలాఫీసులో. ఎవరికైనా తెలిసింది ఉంటే వచ్చి చెప్పుకోవచ్చు, లేకపోతే ఫైలు మూసేస్తారు. దాని ముందు నిలబడి చదివాను, వెళ్ళిపోయాను, మళ్ళీ వచ్చి చదివాను. ఆ ఆదివారం ప్రార్థనలో అందరూ తలలు వంచారు. ధైర్యం ఇమ్మని అడుగుదామనుకున్నాను. ధైర్యం వచ్చాక వెళ్దామని కూర్చుంటే నేను ఎప్పటికీ వెళ్ళనని నాకే తెలుసు. అందుకని ధైర్యం అడగలేదు. తోడు రమ్మని అడిగాను. వస్తానని జవాబేమీ వినపడలేదు. వస్తాడనే అనుకుని లీవు లెటరు రాశాను.

మండలాఫీసు వరండాలో కరస్పాండెంటు గారు కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని ఉన్నారు. నన్ను చూసి, "ఏంటి టీచర్ గారూ ఇటొచ్చారు? క్లాసులు లేవా?" అన్నారు. "ఉన్నాయండీ" అన్నాను. ఇంకేం అడగలేదాయన. అడగకపోవడంలోనే అంతా ఉంది. రేపటి నుంచి నా ఉద్యోగం ఉండకపోవచ్చని నాకు ఆ నిమిషంలో స్పష్టంగా తెలిసింది.

లోపల తహసీల్దారు గారు ఫైలు తిరగేస్తున్నారు. సంఘం తరఫున పాస్టరు గారు నిలబడ్డారు.

"సాక్ష్యం చెప్పినావిడ చనిపోయారంటున్నారు," అన్నారు తహసీల్దారు గారు. "ఇంకొకావిడ వస్తుందని ఆవిడ చెప్పినట్టు సర్వేయరు రాశాడు. పేరు లేదు. ఎవరండీ ఆవిడ?"

పాస్టరు గారు నా వైపు తిరగలేదు. అది ఆయన మంచితనం. నేను లేచాను.

"నేనేనండీ."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదమ్మా?"

"భయపడ్డానండీ." గొంతు పీలగా వచ్చింది. వెనక వరసలో వాళ్ళకి వినపడలేదేమో, ఏంటీ అన్నారెవరో. మళ్ళీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. "భయపడ్డానండీ."

కరస్పాండెంటు గారు కుర్చీలో ముందుకి వంగారు. "ఇప్పుడు భయం పోయిందా టీచర్ గారూ?"

"లేదండీ," అన్నాను ఆయన మొహంలోకి చూస్తూ. "మీరు ఎదురుగా ఉంటే ఇంకా ఎక్కువవుతోంది." తహసీల్దారు గారి వైపు తిరిగాను. "పదండి సార్, గట్టు మీద ఎక్కడ తవ్వాలో చూపిస్తాను."